ముడి వేసిన ఊరు, విప్పే ఊరు



ఇద్దరు మహిళలు 2002 వేసవిలో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి వెళ్లి సివిల్ యూనియన్ చేసుకున్నారు. ఆ ఏడాది చివరికల్లా విడిపోయారు. కలిసి ఉన్నది అయిదు నెలలు. 2014లో వాళ్లలో ఒకామె ఫిలడెల్ఫియాలో విడాకుల పిటిషన్ వేసింది. ఇది పెళ్లి కాదు, మా పరిధిలోకి రాదు అంది అక్కడి ఫ్యామిలీ కోర్టు. ఆమె పై కోర్టుకు వెళ్లింది. ఈ బంధాన్ని పెళ్లితో సమానంగా చూసి రద్దు చేసే అధికారం ఫ్యామిలీ కోర్టుకు ఉందని పెన్సిల్వేనియా సుపీరియర్ కోర్టు చెప్పేసరికి 2016 డిసెంబరు 28 వచ్చింది. అయిదు నెలల కాపురం రద్దు చేయించుకోవచ్చు అనే ఒక్క మాట కోసం పద్నాలుగేళ్లు.

నేను ముప్పై ఏళ్లు కుటుంబ కేసులు చూసిన లాయర్ని. వాయిదాల మీద వాయిదాలు పడి, తల నెరిసిపోయాక డిక్రీ చేతికొచ్చిన వాళ్లని చూశాను. కానీ వాళ్ల పిటిషన్‌ని తీసుకోవడానికి ఏదో ఒక కోర్టు ఉండేది. నంబరు పడేది. బంట్రోతు పేరు పిలిచేవాడు. ఫిలడెల్ఫియా మహిళ కేసు చదివినప్పుడు నన్ను ఆపేసింది అదే. ఆమెకు ఎదురుపక్షంతో పోరాటం కంటే ముందు, తన పేరు పిలిచే కోర్టు ఎక్కడుందో వెతుక్కోవడమే పెద్ద పోరాటమైంది.

ఈ రోజు అలా వేసుకున్న ముడిని విప్పుకోవడం గురించి మాట్లాడుకుందాం. స్వలింగ జంటలు చట్టం ముందు ఒకటయ్యే హక్కు కోసం ఎంత పోరాడారో చాలామందికి తెలుసు. ఆ జంటల్లో కొందరు, మనందరి ఇళ్లల్లోనూ జరిగినట్టే, విడిపోవలసి వచ్చినప్పుడు ఏం జరిగిందన్నది అంతగా ఎవరూ చెప్పుకోలేదు.

వెర్మాంట్ చాలా చిన్న రాష్ట్రం. జనాభా ఆరు లక్షల పైచిలుకు. మన దగ్గర ఒక మోస్తరు నగరంలో ఉండేంతమంది. అక్కడ మూడు జంటలు, మాకు పెళ్లి లైసెన్సు ఎందుకివ్వరని కోర్టుకెక్కాయి. 1999 డిసెంబరు 20న ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, పెళ్లయిన వాళ్లకు ఇచ్చే రక్షణలూ ప్రయోజనాలూ వీళ్లకూ ఇచ్చి తీరాలని తీర్పు చెప్పింది. అయితే దానికి పెళ్లి అనే పేరే పెడతారో, వేరే ఏర్పాటు చేస్తారో శాసనసభ ఇష్టమంది. శాసనసభ వేరే పేరు పెట్టింది. అదే సివిల్ యూనియన్. మన పత్రికలు పౌర బంధం అని రాస్తుంటాయి. 2000 ఏప్రిల్ 26న గవర్నర్ హొవార్డ్ డీన్ దాని మీద సంతకం చేశాడు, అదీ కెమెరాలు లేని గదిలో. ఆ చట్టానికి ఓటేసిన శాసనసభ్యులు కొందరు ఆ నవంబరులో పదవులు పోగొట్టుకున్నారు. తెలిసే ఓటేశారు వాళ్లు. ఆ ధైర్యానికి నేను నమస్కారం పెడతాను.

చట్టం 2000 జులై 1న అమలులోకి వచ్చింది. వెర్మాంట్‌లో ఉండేవాళ్లే రావాలన్న షరతు లేదు. ఏ రాష్ట్రం వాళ్లయినా ఊరి క్లర్కు దగ్గర లైసెన్సు తీసుకుని, ఒక న్యాయాధికారి ముందో మతగురువు ముందో ఒకటి కావచ్చు. దాంతో నలుమూలల నుంచి జంటలు తరలివచ్చాయి. సివిల్ యూనియన్ చేసుకున్న వాళ్లలో ఎక్కువమంది బయటి రాష్ట్రాల వాళ్లే. మన దగ్గర ఇంట్లో ఒప్పుకోని జంటలు ఏ కొండ మీది గుడికో వెళ్లి మూడు ముళ్లు వేయించుకుని వస్తారు చూడండి, అలాగన్నమాట. ఇన్నేళ్లూ ఏ కాగితంలోనూ పక్కపక్కన లేని రెండు పేర్లు, ఆ రోజు ఒక ప్రభుత్వ రికార్డులో పక్కపక్కన పడ్డాయి. దాని విలువ మనం తేలిగ్గా తీసెయ్యకూడదు.

ఇంటికి తిరిగొచ్చారు. సొంత రాష్ట్రంలో ఆ కాగితానికి విలువ లేదు. సరే, మనకి మనమే కదా అనుకున్నారు. కొన్నేళ్లు గడిచాయి. కొందరు విడిపోయారు. అప్పుడు తెలిసింది అసలు సంగతి.

వెర్మాంట్‌లో సివిల్ యూనియన్‌ని రద్దు చేసుకోవాలంటే విడాకులకు ఉన్న పద్ధతే. ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాలి. పిటిషన్ వేసే నాటికి ఇద్దరిలో ఒకరైనా ఆరు నెలలుగా ఆ రాష్ట్రంలో నివాసం ఉండాలి. చివరి విచారణ నాటికి ఆ నివాసం ఏడాది నిండాలి. చేసుకోవడానికి ఒక్క రోజు చాలు. వదిలించుకోవడానికి ఉద్యోగం మానుకుని, ఇల్లు ఖాళీ చేసి, తెలిసిన వాళ్లెవరూ లేని చోట ఒక ఏడాది కాపురముండాలి. డబ్బున్న వాళ్లకే అది కష్టం. స్కూలు టీచరుకో, ఆస్పత్రి నర్సుకో ఎలా సాధ్యం?

ఇక్కడ మనవాళ్లకు ఒక అనుమానం రావాలి. పెళ్లి జరిగిన చోట కోర్టుకు వెళ్తే సరిపోదా అని. మన హిందూ వివాహ చట్టం ప్రకారమైతే సరిపోతుంది. ఆ చట్టంలో 19వ సెక్షన్ ఉంది. పెళ్లి జరిగిన ఊరు ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడే పిటిషన్ వేయొచ్చంటుంది. గుంటూరులో పెళ్లి చేసుకుని ఢిల్లీలో కాపురం పెట్టిన వాళ్లు గుంటూరు కోర్టుకు రావచ్చు. నా దగ్గరికి అలా చాలామంది వచ్చారు. సత్రంలో తీసిన పెళ్లి ఫోటోలూ, శుభలేఖా సంచిలో పెట్టుకుని వచ్చేవారు. అమెరికాలో లెక్క వేరు. అక్కడ విడాకులు ఇచ్చే అధికారం మనిషి నివాసాన్ని పట్టుకుని ఉంటుంది. నువ్వు ఏ రాష్ట్రపు మనిషివో ఆ రాష్ట్రమే నీ కాపురం సంగతి తేల్చాలి. పెళ్లి ఎక్కడ జరిగిందన్నది వాళ్లకు ముఖ్యం కాదు. ఆడామగా దంపతులకు దీనివల్ల ఇబ్బంది లేదు, ఎందుకంటే ఏ రాష్ట్రంలో జరిగిన పెళ్లినైనా మిగతా రాష్ట్రాలు పెళ్లిగానే చూస్తాయి. ఉన్న చోటే విడాకులు దొరుకుతాయి. అంతగా తొందరైతే నెవాడా రాష్ట్రం ఉంది. 1931లో అది నివాస గడువుని ఆరు వారాలకు తగ్గించింది. రీనో పట్టణంలో ఆరు వారాలు మకాం వేసి డిక్రీతో ఇంటికి పోయేవారు జనం.

వెర్మాంట్ జంటలకు ఆ రెండూ లేవు. సొంత రాష్ట్రం ఏమంటుంది? నువ్వు చేసుకున్నది మేం గుర్తించం, గుర్తించనిదాన్ని రద్దు చెయ్యడమేమిటి అంటుంది. వెర్మాంట్ ఏమంటుంది? నువ్వు మా మనిషివి కాదు, ఏడాది ఉండి రా అంటుంది. మన భాషలో దీనికి సరైన మాట ఉంది. పీటముడి. మామూలు ముడి చేత్తో విప్పుతాం. పీటముడిని ఏ కొస పట్టుకుని లాగినా ఇంకా బిగుస్తుంది.

కనెక్టికట్‌లో ఒకాయన 2000 చివర్లో వెర్మాంట్ వెళ్లి సివిల్ యూనియన్ చేసుకున్నాడు. కొన్నాళ్లకే తన రాష్ట్రంలో రద్దు కోసం పిటిషన్ పెట్టాడు. ఎదుటి మనిషి వచ్చి వద్దని వాదించిందీ లేదు. అయినా కోర్టు, ఇది మా చట్టంలోని కుటుంబ వ్యవహారం కిందికి రాదంది. 2002లో అప్పీలు కోర్టు కూడా అదే చెప్పింది. రాష్ట్ర సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకుంది. వాదన జరగకముందే పిటిషనరు చనిపోయాడు. కేసు కొట్టేశారు. విడిపోవాలనుకున్న మనిషి, చట్టం లెక్కలో విడిపోకుండానే పోయాడు.

టెక్సాస్‌లోని బోమాంట్‌లో 2003లో ఒక జడ్జి ఇద్దరు మగవాళ్లకు డిక్రీ ఇచ్చాడు. రాష్ట్ర అటార్నీ జనరల్ అడ్డం పడ్డాడు. జడ్జి తన డిక్రీని తనే రద్దు చేసుకున్నాడు. అదే ఏడాది అయోవాలోని సూ సిటీలో ఇంకో జడ్జి, జెఫ్రీ నీరీ, ఇద్దరు మహిళల బంధాన్ని రద్దు చేశాడు. కేసుతో ఏ సంబంధమూ లేని కొందరు శాసనసభ్యులూ, ఒక చర్చివారూ ఆ డిక్రీ చెల్లదంటూ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2005లో ఆ కోర్టు వాళ్లని ఒక్క మాటతో పంపేసింది. ఎవరో ఇద్దరు విడిపోతే మీకొచ్చిన నష్టమేమిటి, మీకు అడిగే హక్కే లేదు అంది. నాకు ఎంతో ఇష్టమైన తీర్పు అది. మధ్యలో ఆ జడ్జి పదవిలో కొనసాగాలా వద్దా అన్న ఓటింగ్ వచ్చింది. ఓడించాలని ప్రచారం చేశారు. జనం ఆయన్ని ఉంచారు.

రోడ్ ఐలాండ్ కేసు వేరే రకం. అక్కడి ఇద్దరు మహిళలు 2004లో పక్క రాష్ట్రం మసాచుసెట్స్‌కు వెళ్లి పెళ్లే చేసుకున్నారు, సివిల్ యూనియన్ కాదు. విడిపోతామని ఇంటికొచ్చి అడిగితే, 2007లో రోడ్ ఐలాండ్ సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరుగా చీలి కుదరదంది. కారణం వినండి. ఆ రాష్ట్రంలో ఫ్యామిలీ కోర్టు చట్టం 1961లో వచ్చింది. ఆ ఏడు పెళ్లి అనే మాటకు అర్థమేమిటని నిఘంటువు తీసి చూశారు న్యాయమూర్తులు. అందులో పురుషుడూ స్త్రీ అని ఉంది. అంతే. మనుషుల కాపురాలను నిఘంటువుతో కొలవడం నా మనసుకు ఇప్పటికీ పట్టలేదు. ఆ ఇద్దరూ పెళ్లిని కాదని అనలేదు, ఎవరినీ ఒప్పించాలనీ రాలేదు. పూర్తి చేసుకుని వెళ్లిపోతామన్నారు, అంతే. ఆ పెళ్లి ఇష్టం లేని వాళ్లు కూడా సంతోషంగా ఇవ్వాల్సిన డిక్రీ అది.

విడిపోయి ఎవరి దారిన వాళ్లుంటే సరిపోదా, ఈ కాగితం గొడవెందుకు అని అడిగేవాళ్లుంటారు. మన ఊళ్లలోనూ అంటారు, కోర్టెందుకు, వేరుగా ఉండండి అని. వేరుగా ఉండటం వేరు, విడిపోవడం వేరు. ఆ రద్దు కాగితం లేకపోతే, పదేళ్లుగా ముఖం చూడని మనిషి చట్టప్రకారం మీ వారసుల్లో ఒకడు కావచ్చు. మీరు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉంటే సంతకం పెట్టే హక్కు అతనిదే కావచ్చు. ఇద్దరి పేరా కొన్న ఇల్లు అమ్మలేరు, పంచుకోలేరు. అన్నిటికీ మించి, మళ్లీ ఒక తోడు దొరికితే పెళ్లి చేసుకోలేరు.

చేసుకుంటే ఏమవుతుందో మసాచుసెట్స్‌లో తేలింది. ఒకాయన 2003లో వెర్మాంట్‌లో ఒకరితో సివిల్ యూనియన్ చేసుకున్నాడు. విడిపోయారు కానీ రద్దు చేయించుకోలేదు. 2005లో మసాచుసెట్స్‌లో ఇంకొకరిని పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లి కూడా చెడి విడాకులకు వచ్చినప్పుడు పాత సివిల్ యూనియన్ సంగతి బయటపడింది. 2012 జులైలో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, సివిల్ యూనియన్ పెళ్లితో సమానమే కాబట్టి రెండో పెళ్లి మొదటినుంచీ చెల్లదంది. విడాకులు కూడా లేకపోయాయి, ఎందుకంటే విడాకులివ్వడానికి పెళ్లే లేదు. తీర్పు తర్కం సరైనదే, ఆ జంటల బంధానికి పెళ్లంత గౌరవం ఇచ్చింది. ఆ గౌరవానికి వెల మాత్రం ఆ రెండో పెళ్లే.

ఈ కేసు చదువుతుంటే నాకు మన తిరుపతి కేసు గుర్తొచ్చింది. లా చదివిన వాళ్లందరికీ తెలుసు అది. 1975లో తిరుపతిలో పెళ్లయింది. కొన్నాళ్లకు దంపతులు వేరయ్యారు. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, తొంభై రోజుల నివాసం చూపించి, 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. మరుసటేడు యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. 1991 జులై 9న మన సుప్రీంకోర్టు ఆ మిస్సోరి డిక్రీ ఇక్కడ చెల్లదని తేల్చింది. డిక్రీ కోసమే చూపించిన నివాసం నివాసం కాదంది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులు ఇవ్వాలంది. ఆ అమ్మాయి పక్షాన అది ఎంత మంచి తీర్పో చెప్పలేను. విదేశాల నుంచి టపాలో వచ్చే విడాకుల కాగితాల నుంచి ఎందరో తెలుగు ఆడపిల్లల్ని కాపాడింది. ఆ కేసులో భర్త తేలిగ్గా దొరికిన దారిలో దొంగచాటుగా బయటపడ్డాడు. వెర్మాంట్ జంటలు ఇద్దరూ కలిసి అడిగినా దారి దొరకలేదు. రెండు చోట్లా ప్రశ్న ఒకటే. ఏ ఊరి కోర్టుకు ఈ ముడి మీద చెయ్యి వేసే అధికారం ఉంది?

పిల్లల సంగతి చెప్పకుండా పోలేను. వర్జీనియాలో ఉండే ఇద్దరు మహిళలు 2000లో వెర్మాంట్‌లో ఒకటయ్యారు. 2002లో ఒకామె పాపని కన్నది. తర్వాత వెర్మాంట్‌కే మకాం మార్చారు. ఏడాది తిరిగేసరికి విడిపోయారు. కన్నతల్లి పాపని తీసుకుని వర్జీనియా వెళ్లిపోయింది. వెర్మాంట్‌లో కాపురం ఉన్నారు కాబట్టి రద్దు వ్యవహారం అక్కడి కోర్టు చేపట్టింది. రెండో ఆమె కూడా తల్లేనని, పాపని చూసే హక్కు ఆమెకు ఉందని చెప్పింది. వర్జీనియా కోర్టు ఒకటి, కాదు, కన్నామె ఒక్కతే తల్లి అంది. రెండు రాష్ట్రాల మధ్య చాలా ఏళ్లు నలిగింది ఆ వ్యవహారం. చివరికి వర్జీనియా పై కోర్టులు కూడా, మొదట చేపట్టిన వెర్మాంట్ మాటే చెల్లుతుందన్నాయి. కన్నతల్లి మాట వినలేదు. 2009లో పాపతో సహా దేశం దాటి నికరాగ్వా వెళ్లిపోయింది. ఆమె తిరిగొచ్చి అధికారులకు లొంగిపోయేసరికి 2021. పాప పాపగా లేదు, మేజరైపోయింది.

కస్టడీ కేసుల్లో నేను పిల్లల్ని కోర్టు వరండాలో చూసేదాన్ని. అటు నాన్న చిప్స్ ప్యాకెట్ పట్టుకుని, ఇటు అమ్మ నీళ్ల సీసా పట్టుకుని. ఆ పిల్లలు ఎవరి దగ్గర ఏం తీసుకుంటే ఎవరికి కోపమొస్తుందో లెక్క వేసుకునేవాళ్లు. ఆ వరండా కూడా లేకుండా పోయింది ఆ పాపకు.

మెల్లమెల్లగా చట్టాలు కళ్లు తెరిచాయి. ఇల్లినాయ్ రాష్ట్రం 2011 జూన్‌లో సివిల్ యూనియన్లు మొదలుపెట్టినప్పుడు ఒక మంచి పని చేసింది. ఇక్కడ సివిల్ యూనియన్ చేసుకున్నారంటే, తర్వాత మీరు ఏ దేశంలో ఉన్నా దాని వ్యవహారాలు తేల్చే అధికారం మా కోర్టులకు ఉన్నట్టు మీరు ఒప్పుకున్నట్టే అని చట్టంలోనే రాసింది. మన 19వ సెక్షన్ లాంటిదే ఇది. ముడి వేసిన ఊళ్లోనే విప్పుకునే వీలు. చట్టం రాసేటప్పుడు ఒక్క వాక్యం కలిపితే ఎన్ని బతుకులు నిలబడతాయో చూడండి.

వెర్మాంట్ 2009 సెప్టెంబరు నుంచి స్వలింగ జంటలకు పెళ్లి హక్కే ఇచ్చింది, గవర్నర్ వీటోని కూడా దాటి. అప్పటినుంచి కొత్త సివిల్ యూనియన్లు లేవు. కానీ పాతవి పాతవిగానే ఉండిపోయాయి, వాటంతట అవి పెళ్లిళ్లుగా మారలేదు. బయటి రాష్ట్రాల్లో చిక్కుకున్న వాళ్ల కోసం 2012లో చట్టం సవరించింది. నివాసం లేకపోయినా రద్దుకు రావచ్చు. అయితే మీ రాష్ట్రం ఇవ్వనంటేనే రావాలి. ఆ బంధంలో మైనర్ పిల్లలు ఉండకూడదు. ఆస్తులూ అప్పులూ అన్నిటి మీదా ఇద్దరూ ముందే రాజీపడి సంతకాలు పెట్టాలి. అంటే ఎదుటి మనిషి కనిపించకుండా పోయినా, పగబట్టి సంతకం పెట్టనన్నా ఆ తలుపు తెరుచుకోదు. పన్నెండేళ్ల ఆలస్యంగా వచ్చిన సగం తలుపు అది. అయినా ఎందరికో గాలి తగిలింది.

కనెక్టికట్, న్యూ హాంప్‌షైర్ లాంటి చోట్ల పాత సివిల్ యూనియన్లన్నిటినీ ఒక తేదీన పెళ్లిళ్లుగా మార్చేశారు. దాంతో ఇంకో చిక్కు. ఎప్పుడో విడిపోయి, రద్దు చేయించుకోకుండా ఊరుకున్న వాళ్లు ఒక ఉదయం లేచేసరికి దంపతులై ఉన్నారు.

పన్నుల చిక్కు గురించి కూడా ఒక్క మాట చెబుతాను. 2013లో అమెరికా సుప్రీంకోర్టు స్వలింగ పెళ్లిళ్లను కేంద్ర ప్రభుత్వం గుర్తించాలని చెప్పాక కూడా, కేంద్ర పన్నుల శాఖ సివిల్ యూనియన్లని పెళ్లిగా లెక్కించలేదు. వీసాల దగ్గరా అంతే, సివిల్ యూనియన్ ఉన్నంత మాత్రాన భార్యగానో భర్తగానో వెంట తెచ్చుకోలేరు. ఉద్యోగాల మీద అక్కడికి వెళ్లిన మన పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

కెనడాలో 2012 జనవరిలో జరిగింది ఇంకా విచిత్రం. టొరంటోలో పెళ్లి చేసుకున్న ఇద్దరు మహిళలు, ఒకరు ఫ్లోరిడాలో ఒకరు లండన్‌లో ఉంటూ, విడాకులకు వస్తే ప్రభుత్వం తరఫు లాయరు ఏమన్నాడంటే, మీ సొంత చోట్ల ఈ పెళ్లి చెల్లదు కాబట్టి ఇక్కడా చెల్లదు, చెల్లని పెళ్లికి విడాకులు లేవు అని. ప్రపంచం నలుమూలల నుంచి కెనడా వెళ్లి పెళ్లి చేసుకున్న వేలమంది ఆ రోజు పత్రిక చూసి, నా పెళ్లి అయిందా కాలేదా అని తలపట్టుకున్నారు. ప్రభుత్వం కంగారుపడి చట్టం తెచ్చింది. 2013 ఆగస్టు నుంచి, ఏడాది వేరుగా ఉన్న అలాంటి జంటలు పెళ్లి జరిగిన రాష్ట్రంలోనే విడాకులు తీసుకోవచ్చు.

ఇంగ్లండు కథ మాత్రం చెప్పుకోవడానికి హాయిగా ఉంటుంది. అక్కడ 2005 డిసెంబరు నుంచి స్వలింగ జంటలకు సివిల్ పార్ట్‌నర్‌షిప్ వచ్చింది. రద్దు చేసుకునే పద్ధతి కూడా అదే చట్టంలో వివరంగా రాశారు. విడాకుల తీర్పులకు అక్కడ పాతకాలపు పేర్లుండేవి, డిక్రీ నైసై, డిక్రీ అబ్సల్యూట్ అని. సివిల్ పార్ట్‌నర్‌షిప్‌కి కొత్తగా మామూలు ఇంగ్లీషు పేర్లు పెట్టారు, షరతులతో కూడిన ఆర్డరు, తుది ఆర్డరు అని. 2022 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో విడాకుల చట్టమే మారింది. ఎవరి తప్పూ నిరూపించక్కర్లేదు. పిటిషన్ వేసిన ఇరవై వారాలకు ఒక ఆర్డరు, మరో ఆరు వారాలకు తుది ఆర్డరు. ఆ మార్పులో ఆడామగా దంపతుల విడాకులకు కూడా ఆ కొత్త పేర్లే పెట్టారు. 2005లో పక్కన వేరే గదిలో కూర్చోబెట్టిన వాళ్ల మాటలు ఇప్పుడు ఇల్లంతా మాట్లాడుకుంటోంది. ఎదుటి మనిషి తప్పులు ఏకరువు పెట్టే పిటిషన్లు వందలకొద్దీ రాసిన చేతులివి. ఆ చట్టం చదివిన రోజు నాకు అసూయే కలిగింది.

ఇక మన దగ్గర. 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదంది. తర్వాత పెళ్లి హక్కు కోసం కోర్టుకెళ్లిన వాళ్లలో ముందు నిలబడిన జంట హైదరాబాద్‌దే, సుప్రియో, అభయ్. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెళ్లి హక్కు ఇవ్వలేమని ఏకగ్రీవంగా చెప్పింది. సివిల్ యూనియన్ దగ్గర ఇద్దరు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయ్యారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అలాంటి బంధాన్ని గుర్తించాలన్నారు. మిగతా ముగ్గురు అది చట్టసభల పని అన్నారు. ఆ ముగ్గురిలో మన హైదరాబాదు నుంచి వెళ్లిన జస్టిస్ నరసింహ ఉన్నారు, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లీ ఉన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేశారు.

ఆ వాదనలన్నీ ఒకటయ్యే హక్కు చుట్టూ తిరిగాయి. అది సహజం. కానీ కుటుంబ కోర్టుల వరండాల్లో బతికిన నా బోటి దానికి రెండో సగం కనిపిస్తుంది. మన పల్లెల్లో చాలా కులాల్లో పెద్దల ముందు తెగతెంపులు చేసుకునే ఆచారం చట్టాలకంటే ముందే ఉంది. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆ ఆచారాన్ని చెరపకుండా 29వ సెక్షన్‌లో ఉండనిచ్చింది. కలిపేవాళ్లే విడదీసే బాధ్యత కూడా తీసుకోవాలని మన పెద్దలకు తెలుసు. పంచాయతీలో సామాన్లు లెక్కపెట్టి, ఎవరివి వాళ్లకిప్పించి, ఇక నీ దారి నీది అని నలుగురిలో చెప్పేవారు. ఆడదానికి న్యాయం ఎప్పుడూ జరిగిందని నేను అనను. కానీ చెప్పేవాళ్లుండేవారు. పేరులేని బంధంలో ఇరవై ఏళ్లు కలిసి బతికి విడిపోతున్న ఇద్దరు మగవాళ్లకో ఇద్దరు ఆడవాళ్లకో, వంటింట్లో గ్రైండరు ఎవరిది, ఫ్లాటు అప్పు ఎవరు కట్టాలి అని తేల్చి చెప్పే పెద్దమనిషీ లేడు, కోర్టూ లేదు. ఎవరి పేరున కాగితముంటే వాళ్లదే అన్నీ.

నెల్లాళ్ల కిందటి సంగతి ఒకటి చెబుతాను. మా బంధువుల అబ్బాయి. పేరూ ఊరూ అడక్కండి. కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తూ అక్కడే ఇంకో అబ్బాయిని చట్టప్రకారం పెళ్లి చేసుకున్నాడు. వీసాలు అయిపోయి ఇద్దరూ ఇండియాకి వచ్చేశారు, ఒకరు హైదరాబాదు, ఒకరు బెంగళూరు. పొసగలేదు. ఫోన్ చేసి, "పిన్నీ, మాకు ఏ కోర్టు?" అన్నాడు.

ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో వెయ్యడానికి వాళ్ల బంధానికి మన చట్టంలో పేరే లేదు. అదృష్టం ఏమిటంటే, కాలిఫోర్నియా 2012 నుంచి ఒక సవరణ తెచ్చుకుంది. అక్కడ పెళ్లి చేసుకున్న స్వలింగ దంపతులు, తామున్న చోట విడాకులు దొరక్కపోతే, పెళ్లి జరిగిన కౌంటీ కోర్టులోనే వేసుకోవచ్చు, నివాసం అక్కర్లేదు. అది చెప్పాను. పెళ్లి సర్టిఫికెట్ అసలు ఎక్కడుందో చూడమన్నాను. ఇద్దరి పేరా ఉన్న ఖాతాలూ, కలిసి చేసిన అప్పులూ ఒక కాగితం మీద రాయమన్నాను. అక్కడి లాయర్ని పెట్టుకోమన్నాను. అన్నీ రాసుకున్నాడు. రాసుకుని ఫోన్ పెట్టెయ్యలేదు.

"అమ్మకి పెళ్లి సంగతే చెప్పలేదు పిన్నీ. విడాకుల సంగతి ఎలా చెప్పను?"

ఆ ఆదివారం నేనే వాళ్లింటికి వెళ్లాను. వాడు నా పక్కన కూర్చున్నాడు. మా అక్క పెసరట్టు పిండి కలుపుతోంది. ముందు పెళ్లి సంగతి చెప్పాను, తర్వాత రెండోది. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూనే ఉంది, తడి ఎప్పుడో ఆరిపోయినా. తర్వాత వాడి వంక కాకుండా నా వంక తిరిగి అడిగింది.

"ఏమే, పెద్దవాళ్లు ఎవరూ కూర్చోబెట్టి మాట్లాడి చూడలేదా?"